గోబర్ గ్యాసు తొట్టి – పేడ లెక్క

పేడను పిడకలు చేసి కాల్చినచో అందలి నత్రజని పొగతో పోవును. పొలమునకు మిగులునది బూడిదయే. గోబర్ గ్యాసు తొట్టిలో అట్లు గాదు. పేడను సమభాగము నీటితో కలిపి, గాలి చొరని తొట్టిలోనికి వదలినచో, సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి మండెడు వాయువును పుట్టించును. అది గొట్టము ద్వారా వంటయింటికి వచ్చును. నత్రజని మాత్రము వెలికివచ్చు పేడనీటిలోనే చాలవఱకు నిలుచును. పొయ్యియు వెలుగును, ఎరువును దక్కును. 1984లో వెలువడిన దీనబంధు నమూనాకు ఇనుప డ్రమ్ము సైతము అక్కఱలేదు. ఇటుకలతోనే గుమ్మటము కట్టుదురు.

అయినను రెండు ఘనమీటర్ల తొట్టికి దినమునకు సుమారు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువులు, కావలయును. ఒక్క గేదె గలవారు పొరుగువారు కట్టిరని అప్పు చేయుట మాకు సమ్మతము గాదు. పగలెల్ల బీడున మేయు పశువుల పేడలో సగము అచ్చటనే పోవును. దానిని లెక్కలో చేర్చరాదు. చలికాలమున వాయువు కొంత తగ్గును గూడ. కావున సభ్యులు అప్పు కోరుటకు ముందు, వారము దినములు కొట్టములోని పేడను తూచి చూచుకొనవలెనని కోరుచున్నాము.