కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ: పాత విదేశీ కారు నిజస్వరూపం

వాహనం మానవునికి ప్రయాణ సాధనం మాత్రమే కాదు. తరతరాలుగా అది హోదాకు చిహ్నం కూడా. ఒకనాడు గుర్రపు బగ్గీకి ఉండిన గౌరవం ఈనాడు మోటారు కారుకు దక్కింది. మన శేరిలింగంపల్లి ప్రాంతమే ఇందుకు నిదర్శనం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట, పొలాలూ రాతిగుట్టలూ ఉండిన ఈ నేలమీద అసంఖ్యాకులైన యువకులకు ఉద్యోగాలు లభించాయి. గచ్చిబౌలి, కొండాపూర్ రహదారులపై విదేశీ కార్లు కనిపించడం నేడు వింత కాదు. అయితే వాటిలో అన్నీ కొత్తవి కావు. పది పదిహేనేళ్ళ క్రితం సంపన్నులు కొని, వాడి, విడిచిపెట్టిన వేగవంతమైన కార్లు ఒక చిన్న కొత్త కారు ధరకే అమ్మకానికి వస్తున్నాయి. మన విద్యార్థులలో పలువురు రేపు ఈ ప్రాంతంలోనే తొలి జీతం అందుకోబోతున్నారు. కనుక ఈ విషయంలోని లాభనష్టాలను వివరించడం మా కర్తవ్యంగా భావిస్తున్నాము.

విదేశీ కార్ల మోజు మన నగరానికి కొత్తది కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండు నుండి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును తెప్పించుటకు ఆర్డరు ఇచ్చి, 1911లో పరమపదించారు. ఆ కారును ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఉత్సవ సమయాలలో మాత్రమే వినియోగించారు. అది తన జీవితకాలంలో తిరిగినది కొన్ని వందల మైళ్ళే. నేడు అది చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్నది. ప్రభువుల కారు విశ్రాంతి తీసుకోగలదు. ఉద్యోగస్థుని కారు మాత్రం ప్రతి ఉదయం కార్యాలయానికి చేరవలసిందే. ఈ భేదాన్ని విస్మరించరాదు.

ఈ పాత కార్లు ఎక్కడినుండి వస్తున్నాయి? గల్ఫ్ దేశాలలో చవకగా దొరికే పాత కారును ఇక్కడికి తెచ్చుకోవచ్చునని మన కుటుంబాలలో పలువురు తలుస్తారు. కాని మన దిగుమతి నిబంధనల ప్రకారం వాడిన కారు వయస్సు మూడేళ్ళకు మించరాదు. స్టీరింగు కుడివైపున ఉండాలి. గల్ఫ్ కార్ల స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. ఇక సుంకం సంగతి. 2013 బడ్జెట్టులో ఖరీదైన కొత్త కార్ల దిగుమతి సుంకాన్ని నూటికి 75 నుండి నూటికి 100కు పెంచారు. అంతకు ముందే, 2003 ప్రాంతంలో, సచిన్ టెండూల్కర్‌కు ఫియట్ సంస్థ బహూకరించిన ఫెరారీ కారుపై సుమారు 1 కోటి 13 లక్షల రూపాయల సుంకం దేశమంతటా చర్చనీయాంశమై, చివరకు ఆ సంస్థయే దానిని చెల్లించింది. బహుమానంగా వచ్చిన కారు కథే అది అయితే, కొన్న కారు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి మన వీధులలోని పాత విదేశీ కార్లు చాలావరకు కొత్తగా వచ్చి ఇక్కడనే ముసలివైనవే.

ఇంకొక మార్గం ఢిల్లీ. పదేళ్ళు దాటిన డీజిలు కార్లు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్లు రాజధాని ప్రాంతంలో తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు చేసింది; 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. దానితో అక్కడి కార్లకు ధర పడిపోయి, ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. అట్టి కారు కొన్నవారు ఫారం 28పై నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే తెలంగాణ నంబరు తీసుకొని, కారు వయస్సును బట్టి ఇక్కడ జీవితకాల పన్ను చెల్లించాలి. అమ్మేవాడు చెప్పిన ధరలో ఈ మొత్తం సాధారణంగా ఉండదు.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు ముగుస్తుంది. ఆపైన ఐదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం 2022 ఏప్రిల్ నుండి ఇందుకు సాధారణ కారుకు 5,000 రూపాయలు కాగా, దిగుమతి కారుకు 40,000. ఇరవై ఏళ్ళు దాటిన దిగుమతి కారుకు 2025 ఆగస్టులో ఈ రుసుమును 80,000 చేశారు. ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించాలి. మెర్సిడెస్ బెంజ్ 1995 నుండి పూణేలోను, బి.ఎం.డబ్ల్యు. 2007 నుండి చెన్నై సమీపంలోను కార్లను కూర్చుతున్నాయి. పేరు విదేశీయమైనంత మాత్రాన కారు దిగుమతి కారు కాదు. పూర్తిగా తయారై ఓడలో వచ్చినదే దిగుమతి కారు. ఆర్.సి. చూస్తేగాని ఈ తేడా తెలియదు. పురాతన వాహనాలకు 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చిన మాట నిజమే. కాని అవి యాభై ఏళ్ళు దాటిన వాటికే వర్తిస్తాయి. ఇరవై ఏళ్ళ కారు పాతది మాత్రమే, పురాతనం కాదు.

అసలు కీలకం స్పేర్‌పార్టులలో ఉన్నది. కొత్తగా 50 లక్షలు పలికిన కారు నేడు 8 లక్షలకు దొరికినదనుకుందాం. కారు ధర పడిపోయినది గాని దాని విడిభాగాల ధర పడిపోలేదు. అవి ఇప్పటికీ 50 లక్షల కారుకు తగిన ధరకే వస్తాయి. లక్ష రూపాయల మరమ్మతు మొదటి యజమానికి కారు ధరలో నూటికి రెండు వంతులు. రెండవ యజమానికి పన్నెండున్నర వంతులు. మొదటివాడు తేలికగా భరించినది రెండవవానికి భారమవుతుంది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అనే సామెతలో కొసరు కొన్నవాని లాభం. ఇక్కడ ఆ గుమ్మడికాయను మోయవలసినది కూడా అతడే.

వేగానికై నిర్మించిన యంత్రంలో టర్బోచార్జరు, రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు, గాలితో పనిచేసే సస్పెన్షన్ వంటివి ఉంటాయి. ఇవి వేడికి, వయస్సుకు లొంగేవి. కారు తక్కువ తిరిగినా రబ్బరు బిగుసుకుపోతుంది, శీతలీకరణ వ్యవస్థలోని ప్లాస్టిక్ గొట్టాలు పెళుసుబారుతాయి, బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మే నెల ఎండలో సైబర్ టవర్స్ కూడలివద్ద అంగుళం అంగుళం కదలడం ఈ యంత్రాలకు కఠిన పరీక్ష. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుపైన కూడా గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లే. ఆపైన గల శక్తికి డబ్బు చెల్లిస్తాము గాని, దానిని అనుభవించే అవకాశం లేదు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు నేడు దేశమంతటా వచ్చింది; దానిని దృష్టిలో ఉంచుకొని తయారు చేయని పాత కార్లలో మైలేజీ కొంత తగ్గుతుంది, రబ్బరు భాగాలు త్వరగా చెడే ప్రమాదం ఉన్నది.

బీమా రక్షణ కూడా వయస్సుతో సన్నగిల్లుతుంది. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం ధర మాత్రమే చెల్లిస్తారు; పదేళ్ళు దాటిన కారులో లోహభాగాలకూ అంతే. మిగిలిన సగం యజమాని జేబునుండి రావలసిందే. కాగితాల విషయంలో ఏమరుపాటు మరింత ప్రమాదకరం. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు 'నుంఖోర్' అనే పేరుతో సోదాలు జరిపి, భూటాన్ మీదుగా అక్రమంగా వచ్చినవనే అనుమానంతో పలు ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకున్నారు. అట్టి సందర్భాలలో తెలియక కొన్నవాడు కూడా చిక్కుల్లో పడతాడు.

అయితే ఇట్టి కారును ఎవరూ కొనరాదని మా అభిప్రాయం కాదు. మంచి యంత్రంపై ప్రేమ తప్పు కాదు. కొనదలచినవారు కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, ఆర్.సి., సర్వీసు రికార్డు పరిశీలించాలి. అమ్మేవానితో సంబంధం లేని మెకానిక్‌చేత పరీక్ష చేయించాలి. టైరు ప్రక్కన నాలుగు అంకెలుంటాయి. 1419 అనగా 2019వ సంవత్సరపు పద్నాలుగవ వారంలో తయారైనదని అర్థం. అన్నింటికంటె ముఖ్యం, కారు ధరలో సగమైనా మరమ్మతులకై విడిగా ఉంచుకోవాలి. రోజువారీ ప్రయాణానికి వేరొక సాధనం ఉండాలి. అప్పు చేసి కొనడం మాత్రం అన్నివిధాల అనర్థదాయకం. కారు షెడ్డులో ఉన్నా వాయిదా ఆగదు.

'మహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్' అని ఉర్దూ సామెత. ఖరీదు పెట్టినవాడు ఒకసారి ఏడిస్తే, చవకకు ఆశపడినవాడు పదేపదే ఏడుస్తాడని భావం. ఖరీదైన వస్తువు చవకగా దొరికినప్పుడు ఈ సామెత మరింత నిజం. శక్తికి మించిన ఖర్చును మన ధర్మం ఇస్రాఫ్ అని నిషేధించింది. తొలి జీతం వెనుక తల్లిదండ్రుల శ్రమ, చెల్లెళ్ళ చదువు, ఇంటి అవసరాలు ఉంటాయి. వాటిని తీర్చిన పిమ్మట మిగిలినదే మన వేడుకకు చెందినది. కారు కొనేముందు దాని ధర ఎంత అని గాక, దానిని పోషించుటకు ఏటా ఎంత కావాలి అని ప్రశ్నించే అలవాటు మన విద్యార్థులకు కలుగవలెనని ఆశిస్తున్నాము.