పుప్పొడి మోసే అడవి ఈగలు – పాల సంఘ సభ్యులు చేయదగినది

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకాలతోపాటు సభ్యుల మేత మళ్ళు, పెరళ్ళు కూడా ఒకసారి చూచి రావడం నాకు అలవాటు. చిత్తూరు వైపు ఒక గ్రామంలో, పురుగు మందులు మానుకొని ప్రకృతి వ్యవసాయంలోకి దిగిన సభ్యుడొకరు తన గుమ్మడి పాదులు చూపించి, "మందులు మానేస్తిని సార్. జీవామృతం పోస్తాండా, కషాయాలు కొడతాండా. పిందె మాత్రం నిలబడదు, రాలిపోతాంది. వచ్చే కారుకు మళ్ళా మందే కొడతా" అన్నాడు. ఆయన ఇంట నాలుగు ఆవులున్నాయి, పేడకు కొదువ లేదు, పాదులు ఏపుగా ఉన్నాయి. మరునాడు ఉదయం ఏడు గంటలకు పాదు దగ్గర ఇద్దరం పావుగంట నిలుచున్నాము. ఒకే ఒక్క ఈగ వచ్చింది. అదీ మగపువ్వు చూచుకొని వెళ్ళిపోయింది, ఆడపువ్వు జోలికి రాలేదు.

గుమ్మడి, సొర, బీర, కాకర పాదులకు ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. పుప్పొడిని మోసే పురుగు లేకపోతే పిందె పసుపు రంగుకు తిరిగి రాలుతుంది. ఎరువు ఎంత వేసినా ఆ లోటు తీరదు. ఆ కారు గడిచేందుకు, ఉదయమే మగపువ్వు కోసి దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి తాకించమని చెప్పాను. అది తాత్కాలికం. అసలు ప్రశ్న, మందు మానేసిన తరువాత కూడా ఈగలు ఎందుకు రాలేదన్నది.

తేనెటీగ అనగానే మనకు పెట్టెల్లో పెంచేదీ, చెట్టుకు పట్టు పెట్టేదీ గుర్తుకు వస్తాయి. ప్రపంచంలో ఈ ఈగలు 20,000 జాతులకు పైగా ఉన్నాయి. వాటిలో చాలాభాగం పట్టు పెట్టవు, తేనె కూడబెట్టవు. తల్లి ఈగ ఒంటరిగా గూడు కట్టుకొని, పుప్పొడి ముద్ద మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఎక్కువ జాతులు నేలలోనే తొలుచుకుంటాయి. గట్టు మీద పెన్సిలు మొన పట్టేంత రంధ్రం, దాని చుట్టూ కొంచెం పొడి మన్ను కనిపిస్తే చీమల పుట్ట అనుకొని తొక్కేస్తాము. తుమ్మెద ఎండు కర్రలో, వెదురులో ఉంటుంది. పాక వాసాలకు బొర్ర పెడుతుందని కిరసనాయిలు పోసి చంపేవారిని నేను చూచాను. కంది ఆకును, గులాబీ ఆకును గుండ్రంగా కత్తిరించి తీసుకుపోయే ఈగ మరొకటి. ఆ కత్తిరింపులు చూచి పురుగు పడిందని మందు కొడతారు. నిజానికి కంది పూతకు అది పెద్ద ఉపకారి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కందిలో సంకర రకాలు తయారు చేసినప్పుడు విత్తనోత్పత్తికి ఒక వరుస నుండి మరొక వరుసకు పుప్పొడి మోసే పని ఇటువంటి ఈగలదే.

మన పాడికి దీనితో ఏమి సంబంధమని అడగవచ్చు. లూసర్న్ సంగతి చూడండి. దాని పువ్వులో కేసరాలు అడుగు రేకుల మధ్య బిగించిన విల్లులాగా ఉంటాయి. ఈగ వాలి నొక్కగానే అవి పైకి లేచి దాని తల క్రింద కొడతాయి. అప్పుడే పుప్పొడి అంటుతుంది, విత్తనం కడుతుంది. పెట్టె తేనెటీగ ఈ దెబ్బ ఒకటి రెండుసార్లు తిని, పక్క నుండి మూతి దూర్చి మకరందం తాగడం నేర్చుకుంటుంది. ఆకు కత్తిరించే ఈగకు ఆ దెబ్బ లెక్క లేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు లూసర్న్ విత్తన రైతులు, చౌడు నేలలో గూడు పెట్టే ఒక ఈగ కోసం కొన్ని మళ్ళు పంట వేయకుండా విడిచి, నేలను తేమగా ఉంచి కాపాడుకుంటున్నారు. మనమేమో మేత కోసం పూత పదో వంతు రాగానే కోసేస్తాము. అది మేతకు సరైనదే. కాని మడి అంచున రెండు మూరల పట్టీ కోయకుండా పూతకు విడిస్తే ఆవుకు తక్కువేమీ కాదు. ఇప్పుడు ఎక్కడ చూచినా నేపియర్ ఒక్కటే వేస్తున్నారు. పచ్చిమేత దండిగా వస్తుంది, ఈగకు మాత్రం ఆ మడి ఎడారి. అలసంద, దశరథ గడ్డి కలిపి వేసుకుంటే ఆవుకూ మాంసకృత్తులు అందుతాయి.

ప్రకృతి వ్యవసాయం ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా పెద్ద ఎత్తున సాగుతున్నది. అందులోనూ జాగ్రత్త పడవలసినవి ఉన్నాయి. ఆచ్ఛాదన మంచిదే, అయితే జానెడు మందాన గడ్డి పరచిన చోట నేల ఈగ తొలవలేదు. ఎండ తగిలే గట్టు ఒకటి ఖాళీగా ఉంచాలి. వేసవిలో గట్లు తగలబెట్టడం మానాలి. ఇక కషాయాల మాట. మిరప, వెల్లుల్లి, పొగాకు కలిపిన ద్రవం ఈగ మీద పడితే దానికి అదీ విషమే. సాయంత్రం కొడితే ఫరవాలేదని చెబుతారు. కందికి, గుమ్మడికి ఆ మాట సరిపోతుంది. బీర, సొర పూలు విచ్చేదే సాయంత్రం! వాటి పూత మీద అసలు కొట్టకపోవడమే మేలు.

పేడనీళ్ళ గుంటలో తోకవంటి గొట్టంతో ఊపిరి పీల్చే పురుగులను చూచి అసహ్యపడనక్కరలేదు. అవి పెరిగి తేనెటీగను పోలిన ఈగలై పూల మీద వాలతాయి, పుప్పొడి మోస్తాయి.

ఒంటరి తల్లి ఈగ తన జీవితంలో కట్టే గదులు పదుల సంఖ్యలోనే. కనుక ఒకసారి నశించిన ఈగలు ఒక కారులో తిరిగి పెరగవు, రెండు మూడేళ్ళు పడుతుంది. పైగా చిన్న ఈగ గూటి నుండి కొన్ని వందల గజాలకు మించి పోదు. ఆ దూరంలో నాలుగు కమతాలుంటే, ఒకరు మాని ముగ్గురు పూత మీద మందు కొడితే మానినవాని గట్టు మీద ఈగ నిలవదు. మన సభ్యునికి జరిగింది ఇదే. ఆయన మూడు వైపులా టమోటా తోటలు. ఊళ్ళో ఒక రైతు మాట మరొక రైతు వినకపోవచ్చు. పాల కేంద్రం దగ్గర మాత్రం ఆ నలుగురూ రోజుకు రెండు పూటలా ఒకే వరుసలో నిలుచుంటారు. మందు కొట్టేవారు ముందు రోజు సాయంత్రం పాలు పోసేటప్పుడు చెప్పడం, పూత దశలో ఆపడం, ఉమ్మడి గట్లు కాల్చకపోవడం – ఈ మూడింటిని ఆ సంఘం సర్వసభ్య సమావేశంలో పెట్టించాను. మొదటి రెండింటికి ఒప్పుకున్నారు. గట్ల విషయంలో పాముల భయం చెప్పి వాయిదా వేశారు. ఆ భయం అబద్ధం కాదు కనుక, నడక దారి గట్లు శుభ్రం చేసుకొని, ఎవరూ నడవని పడమటి గట్టు ఒకటి విడవమని తరువాతి సమావేశానికి వ్రాసి ఇచ్చాను.