విమానంలో చెవులు ఎందుకు దిబ్బడ వేస్తాయి?

విమానం పైకి వెళ్ళాక సంచిలోని చిప్స్ ప్యాకెట్ బిర్రుగా ఉబ్బుతుంది. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. రెండింటికీ కారణం గాలి పీడనమే.

35,000 అడుగుల ఎత్తున బయటి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు నాలుగో వంతే. ఆ గాలి పీలిస్తే దాదాపు ఒక నిమిషంలోపే సరిగా ఆలోచించలేని స్థితికి చేరతాం. అందుకే చాలా జెట్ విమానాల్లో ఇంజిన్ లోపల నొక్కిన గాలిలో కొంత తీసి, చల్లబరిచి క్యాబిన్‌లోకి పంపుతారు. తోకవైపు ఉండే కవాటం ఆ గాలిని కొద్దికొద్దిగా వదులుతూ పీడనాన్ని అదుపులో ఉంచుతుంది.

మరి నేలమీద ఉన్నంత పీడనమే ఎందుకు ఉంచరు? ఉంచితే గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. వాటిని మందంగా కట్టాలి, బరువెక్కుతాయి. అందుకే 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే పీడనంతో సరిపెడతారు. దాదాపు ఊటీలో కూర్చున్నట్టే!

అయినా ప్రతి ప్రయాణంలో గోడలు కాస్త సాగి, మళ్ళీ సర్దుకుంటాయి. ఇలా పదేపదే సాగితే లోహం బలహీనపడుతుంది. 1954లో కామెట్ అనే రకం ప్రయాణికుల జెట్‌లు రెండు గాలిలోనే ముక్కలయ్యాయి. కారణం తెలుసుకోవడానికి బ్రిటన్ ఇంజనీర్లు మరో కామెట్‌ను పెద్ద నీళ్ళ తొట్టిలో ఉంచి, పీడనాన్ని మళ్ళీ మళ్ళీ పెంచి తగ్గించారు. చివరికి కిటికీ మూల దగ్గర లోహం చీలింది. ఎంత ఓపికైన పరిశోధన!

దిగేటప్పుడు క్యాబిన్ పీడనం పెరిగి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. గుటక వేసినా, ఆవలించినా చెవినీ గొంతునూ కలిపే సన్నని గొట్టం తెరుచుకుని పీడనం సమానమవుతుంది. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి సరిగా తెరుచుకోదు. అలాంటప్పుడు ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగండి.