ఆదివారం ఆడనన్నవాళ్లు

2025 అక్టోబరు 30, గురువారం. నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలో మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్. ఆస్ట్రేలియా 338 పరుగులు చేసింది. మహిళల వన్డేల్లో అంతటి లక్ష్యాన్ని అప్పటిదాకా ఏ జట్టూ ఛేదించలేదు. మన జట్టు బ్యాటర్ జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో ఆఖరిదాకా నిలిచి ఆ పని పూర్తిచేసింది. తర్వాత మైకు ముందుకొచ్చి, ఏడుపు ఆపుకోలేక, యేసుకు కృతజ్ఞతలు చెప్పింది. టోర్నీ పొడవునా ఆందోళనతో నలిగిపోయానని, తన బలం చాలని చోట బైబిల్లోని ఒక మాటను పట్టుకుని నిలబడ్డానని దాపరికం లేకుండా చెప్పుకుంది.

మన సంఘాల్లో దీన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు లేచి, అమ్మ ఆపరేషన్ బాగా జరిగిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో చెప్పి, దేవునికి స్తోత్రం అని కూర్చుంటారు. జెమీమా చేసిందీ అదే. కాకపోతే వింటున్నవాళ్లు కోట్లమంది, వాళ్లలో ఎక్కువమంది ఆమె మతంవాళ్లు కారు. చాలామంది ఆమెతో పాటు కంటతడి పెట్టారు. కొందరికి మాత్రం దేశం గెలిచిన రాత్రి యేసు పేరు వినబడటం రుచించలేదు. ఆమె తండ్రి ముంబైలోని ఓ క్లబ్బులో మతసమావేశాలు పెట్టారన్న ఆరోపణతో, ఆమెకిచ్చిన గౌరవ సభ్యత్వాన్ని ఆ క్లబ్బు 2024లో రద్దుచేసింది. మతమార్పిడి మాట అబద్ధమని తండ్రి అప్పుడే చెప్పినా, ఆ పాత గొడవ మళ్లీ పైకి తేలింది.

మూడు రోజులకు అదే మైదానంలో ఫైనల్. దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో గెలిచాం. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఆ జట్టులోదే. జెమీమా గురించి అంత చర్చ నడిచిన ఆ రోజుల్లో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా వచ్చినట్టు లేదు. ఫైనల్ జరిగిన నవంబరు 2 ఆదివారం. ఇంత భక్తి గల అమ్మాయి ఆదివారం బ్యాటెలా పట్టింది? తప్పుపట్టడానికి అడగడం లేదు. నూరేళ్ల కిందటైతే క్రైస్తవ క్రీడాకారుల్ని మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే.

ఆ ప్రశ్నకు ఆడనని జవాబిచ్చి చరిత్రలో మిగిలినవాడు ఎరిక్ లిడెల్. 1902లో చైనాలోని టియాన్‌జిన్‌లో, స్కాట్లాండ్ మిషనరీ దంపతులకు పుట్టాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ స్కాట్లాండ్ జట్టుకు రగ్బీ ఆడాడు. 1923లో 100 గజాలు 9.7 సెకన్లలో పరుగెత్తాడు. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెం అతనిదేనని బ్రిటన్ నమ్మకం పెట్టుకుంది. ఆ పందెం తొలి రౌండ్లు జులై 6న, ఆదివారం వచ్చాయి. పది ఆజ్ఞల్లో నాలుగోది విశ్రాంతిదినం సంగతి. నేను పరుగెత్తను అన్నాడు లిడెల్. రెండు రిలే పందాలు కూడా ఆదివారాలతో ముడిపడి ఉన్నాయని వాటినీ వదులుకున్నాడు. ఒలింపిక్స్ జరుగుతుండగానే పారిస్‌లోని స్కాట్లాండ్ వాళ్ల చర్చిలో ఆదివారం ప్రసంగం చేశాడు. 100 మీటర్ల స్వర్ణం సహచరుడు హెరాల్డ్ అబ్రహామ్స్‌కు దక్కింది. లిడెల్‌కు 200 మీటర్లలో కాంస్యం వచ్చింది. జులై 11న, శుక్రవారం, తనది కాని దూరం 400 మీటర్లు. అందరికంటే బయటి వరస, పక్కవాళ్లెక్కడున్నారో కనిపించని చోటు. మొదటి సగాన్ని 200 మీటర్ల పందెంలాగే లాగేశాడు. చివర్లో కూలబడతాడనుకున్నారు. కూలబడలేదు. 47.6 సెకన్లు, స్వర్ణం, ఒలింపిక్ రికార్డు.

ఈ కథను ప్రపంచానికి చేర్చింది ‘ఛారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమా. 1981లో వచ్చింది, ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు అందుకుంది. సముద్రపు ఒడ్డున తెల్ల దుస్తుల్లో పరుగులు, వెనక వాంగెలిస్ సంగీతం... సినిమా పేరు తెలియనివాళ్లకు కూడా ఆ బాణీ తెలుసు. అయితే సినిమాకు ఉత్కంఠ కావాలి. అందుకని ఓడ ఎక్కేటప్పుడే లిడెల్‌కు ఆదివారం సంగతి తెలిసినట్టు చూపించారు. నిజానికి నెలల ముందే తెలుసు, ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేశాడు. యువరాజు, పెద్దమనుషులు ఓ గదిలో కూర్చోబెట్టి ఒత్తిడి చేసే ఘట్టం, తోటి ఆటగాడొకడు ఉదారంగా తన 400 మీటర్ల చోటు వదులుకునే ఘట్టం రచయిత అల్లినవి. వాటితో నాకు పేచీ లేదు, సినిమా అన్నాక కల్పన ఉంటుంది. నా పేచీ కథను ఎక్కడ ఆపారన్న దానితో. పతకంతో ఇంటికొచ్చాక పరదా దించేశారు. లిడెల్ విశ్వాసం ఎలాంటిదో తేలింది ఆ తర్వాతే.

పతకం గెలిచిన మరుసటి ఏడే, 1925లో, అతను చైనా వెళ్లిపోయాడు. టియాన్‌జిన్‌లో మిషన్ కళాశాల ఉపాధ్యాయుడయ్యాడు. తర్వాత పల్లెల్లో సేవకు దిగాడు. యుద్ధం ముంచుకొస్తుంటే 1941లో గర్భవతిగా ఉన్న భార్య ఫ్లోరెన్స్‌ను, ఇద్దరు ఆడపిల్లల్ని కెనడా పంపించాడు. అక్కడ పుట్టిన మూడో కూతుర్ని అతను చూడనే లేదు. 1943లో జపాన్ సైన్యం అతన్ని షాన్‌డాంగ్ ప్రాంతంలోని వైషియన్ నిర్బంధ శిబిరానికి తరలించింది. ప్రహరీ గోడల మధ్య పదిహేను వందల మంది. వ్యాపారులు, పాదిరీలు, కాళ్లు నిలవని కుర్రాళ్లు, తల్లిదండ్రులెక్కడో చిక్కుకుపోగా బడితో పాటు ఇక్కడికి చేరిన మిషనరీ పిల్లలు. ఆ పిల్లలకు లిడెల్ ‘అంకుల్ ఎరిక్’. సైన్స్ పాఠాలు చెప్పేవాడు, ఆటలు ఆడించేవాడు, విరిగిన హాకీ కర్రలకు చింపిన దుప్పటి గుడ్డ చుట్టి మళ్లీ పనికొచ్చేలా చేసేవాడు. ఆదివారం మాత్రం ఆటల్లేవు. అది అతని నియమం.

కానీ ఆటల్లేని ఆదివారం ఆ కుర్రకారుకు గడవదు. ఒక ఆదివారం వాళ్లే హాకీ మొదలుపెట్టారు. ఆపేవాడు లేక ఆట కొట్లాటలోకి దిగింది. ఇక్కడ లిడెల్‌కు దారులు రెండు. నేను చెప్పలేదా అని పక్కకు తప్పుకోవచ్చు. లేదా మైదానంలోకి దిగాలి. అతను దిగాడు. తర్వాతి ఆటకు ఆదివారంనాడే రిఫరీగా నిలబడ్డాడు. లోకమంతా చూస్తుండగా, స్వర్ణ పతకం కోసమైనా దాటని గీతను, పేరూ ప్రతిష్ఠా లేని చోట, పరాయి పిల్లలు ఒకరి తల ఒకరు పగలగొట్టుకోకూడదని దాటాడు. విశ్రాంతిదినం మనిషి కోసమే నియమితమైందన్న సువార్త బోధ మీద మన పాస్టర్లు ఎన్నో ప్రసంగాలు చెబుతుంటారు. అన్నిటికంటే నాకు ఈ హాకీ ఆటతోనే అది బాగా అర్థమయింది. ఆదివారం ఆటను ఒప్పుకున్నందుకు అతని భక్తి సడలిందని నేను అనుకోను. పారిస్‌లో ఆ నియమం అతని ఒక్కడి త్యాగం. వైషియన్‌లో అదే నియమానికి మూల్యం పిల్లలు చెల్లించాలి. ఈ తేడా అతనికి తెలిసింది.

1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో శిబిరంలోనే చనిపోయాడు. వయసు 43. మరో ఆరు నెలలకు అమెరికన్ సైనికులు పారాచూట్లతో దిగి శిబిరాన్ని విడిపించారు.

లిడెల్ బాటలో నడిచినవాళ్లకు లిడెల్ పతకం దొరుకుతుందని లేదు. న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు మైకేల్ జోన్స్ సమోవా మూలాలున్నవాడు, ఆ తరంలో అతన్ని మించిన ఫ్లాంకర్ లేడంటారు. 1987 ప్రపంచకప్ సెమీఫైనల్ ఆదివారం వస్తే బయట కూర్చున్నాడు. శనివారం ఫైనల్లో ఆడి తొలి ట్రై చేశాడు. ఇంతవరకూ కథ సండే స్కూల్లో చెప్పుకోవడానికి అనువుగానే ఉంది. 1991లో మూడు మ్యాచ్‌లు ఆదివారాలు. అతను లేని సెమీఫైనల్లో జట్టు ఆస్ట్రేలియా చేతిలో 16-6తో ఓడింది. 1995 ప్రపంచకప్‌కు ఆదివారం మ్యాచ్‌ల వల్లే అతన్ని పక్కనబెట్టారు. అతను మాత్రం మాట మార్చలేదు. ఓటమి బాధ తోటివాళ్లకూ పంచాల్సి వచ్చినప్పుడు ఆ నియమం బరువెంతో అతనికే తెలియాలి.

జొనాథన్ ఎడ్వర్డ్స్ కథ ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లండ్‌లో ఓ పాదిరీ కొడుకు, ట్రిపుల్ జంపర్. అర్హత పోటీ ఆదివారం పడిందని 1991 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ వదిలేశాడు. ఇతనే ఈ కాలపు లిడెల్ అన్నారు. 1993లో ఆలోచించుకుని, ఆదివారం దూకడం కూడా దేవుడిచ్చిన పనేనని నిర్ణయించుకున్నాడు. 1995లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒకే సాయంత్రం రెండుసార్లు ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు. రెండోది 18.29 మీటర్లు. ముప్పై ఏళ్లు దాటినా ఇంకా చెక్కుచెదరలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ఐదు రొట్టెలు రెండు చేపల అద్భుతానికి గుర్తుగా సంచిలో చేపల డబ్బా పెట్టుకెళ్లి స్వర్ణం తెచ్చాడు. బీబీసీలో భక్తిగీతాల కార్యక్రమానికి వ్యాఖ్యాత కూడా అయ్యాడు. ఆట మానేశాక 2007లో, తనకిప్పుడు దేవుడి మీద నమ్మకం లేదని చెప్పేశాడు. క్రీడాజీవితం ముగిసేదాకా ఆ ప్రశ్నలు వేసుకోవలసిన అవసరమే రాలేదన్నాడు.

ఎడ్వర్డ్స్ పేరు మన ప్రసంగాల్లో వినబడదు, ఎందుకో ఊహించొచ్చు. నాకు మాత్రం ఆ నిజాయతీ మీద గౌరవం ఉంది. గెలుపును దేవుడి సంతకంగా చదివే అలవాటు మనకు ఎక్కువ. జెమీమా గెలిచింది గనుక దేవుడు విన్నాడంటాం. మరి ఆ సాయంత్రం ప్రార్థన చేసుకుని మైదానంలోకి దిగిన ఆస్ట్రేలియా అమ్మాయి ఉంటే? జెమీమా సాక్ష్యంలో నన్ను తాకింది 127 పరుగులు కాదు. అంతకు ముందు లీగ్ దశలో జట్టులో చోటు పోయినప్పుడు, రాత్రిళ్లు ఏడ్చినప్పుడు కూడా ఆమె ప్రార్థించిందన్న సంగతి.

ఇక బహిరంగంగా చాటేవాళ్ల దారి వేరు. బ్రెజిల్ ఫుట్‌బాలర్ కాకా 2007లో ఏథెన్స్‌లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాక జెర్సీ విప్పి, తాను యేసుకు చెందినవాణ్నని రాసిన బనియన్ చూపించాడు. లోపలి బట్టల మీద మతపరమైన రాతలు చూపించకూడదని ఇప్పుడు ఫుట్‌బాల్ నియమాల్లోనే ఉంది. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో టిమ్ టీబో కళ్లకింద నల్లరంగు మీద యోహాను 3:16 అని రాసుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా ఆ రాతలకూ నిషేధం వచ్చింది. నాకు కాకా మీద ఫిర్యాదు లేదు. కాకపోతే బనియన్ మీద రాత కెమెరాకు ఎంత ఇష్టమో, శిబిరంలో హాకీ కర్రకు గుడ్డ చుట్టడం అంత అక్కర్లేనిది.

సినిమా లోకంలో ఈ లెక్కలు మరో రకం. అక్కడ శుక్రవారం విడుదల, ఆదివారం వసూళ్లు. 1978లో ‘కరుణామయుడు’లో క్రీస్తుగా నటించిన విజయచందర్‌ను చూసి ఊళ్లలో జనం చేతులు జోడించారు. ఆయనే తర్వాత షిర్డీ సాయిబాబా అయితే అంతే భక్తితో చూశారు. తెరమీది దేవుణ్ని మతం అడగని మంచి గుణం తెలుగు ప్రేక్షకుడిది. ‘ఆనంద్’ హీరో రాజా మాత్రం నటన పక్కనబెట్టి పాస్టర్ అయ్యాడు. ఉన్నచోటే ఉంటూ విశ్వాసంగా బతకడం కంటే వదిలి వెళ్లడం సులువని కొందరంటారు. పేరొచ్చిన హీరోకు అదేమంత సులువో నాకు తెలియదు.

ఇంతకూ ఆదివారం ప్రశ్న ఎలా మాయమైంది? విశ్వాసులు దాన్ని చర్చించి తేల్చింది కాదు. వ్యాపారం తేల్చింది. ఇంగ్లండ్‌లో 1780 నాటి చట్టం ప్రకారం ఆదివారం టికెట్ అమ్మి వినోదం పెట్టకూడదన్న నియమం ఉండేది. 1974లో విద్యుత్ కొరత రోజుల్లో తొలిసారి ఆదివారం ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ పెట్టినప్పుడు, ప్రవేశం ఉచితమని చెప్పి, లోపలికి రావాలంటే ఆటగాళ్ల జాబితా కాగితం కొనాలన్నారు. వింబుల్డన్ పురుషుల ఫైనల్ 1982లో ఆదివారానికి మారింది. మధ్య ఆదివారం విశ్రాంతి కూడా 2022 నుంచి లేదు. టీవీ ముందు జనం కూర్చునేది ఆ రోజే మరి.

మన దగ్గర ఈ సంగతి ఒలింపిక్స్‌తో కాదు, ఊరి మైదానంతో మొదలవుతుంది. టెన్నిస్ బంతి టోర్నమెంట్లు, జిల్లా ఎంపిక పోటీలు బడికి సెలవున్న ఆదివారమే పెడతారు. గుంటూరులోనో ఏలూరులోనో ఒక పదిహేనేళ్ల అమ్మాయి కబడ్డీ సెలెక్షన్‌కు వెళ్లాలంటే ఆరాధన తప్పాలి. ఇంట్లో నాన్న వద్దంటాడు, పీఈటీ సార్ ఫోన్ చేసి మళ్లీ అడుగుతాడు. పెద్ద ఊళ్లలో కొన్ని సంఘాలు తెల్లవారుజామున ఒక ఆరాధన, శనివారం సాయంత్రం మరొకటి పెడుతున్నాయి. అది చాలావరకు ఉద్యోగుల కోసం, స్థలం చాలక. ఆడే పిల్లల కోసం వేళ మార్చిన సంఘం గురించి గానీ, ఎంపిక పోటీని శనివారానికి జరపమని అర్జీ పెట్టిన పాస్టర్ గురించి గానీ నేనింకా వినలేదు. ప్రపంచకప్ గెలిచాక ఆ అమ్మాయిని వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించడానికి మాత్రం అందరం సిద్ధంగా ఉంటాం.