5 కంపెనీలు, 5 లక్షల పాడి రైతులు

1934 జులైలో హాలీవుడ్‌లో సినిమాల సెన్సార్ నియమావళి హేస్ కోడ్ పక్కాగా అమల్లోకి వచ్చింది. ఆ కోడ్ ప్రకారం ఆమోద ముద్ర పడని సినిమాకు పెద్ద కంపెనీల హాళ్లలో చోటు లేదు. అదే ఏడాది డిసెంబరు 14న సికింద్రాబాద్ తిరుమలగిరిలో శ్యామ్ బెనెగల్ పుట్టారు. పెరిగింది పక్కనే ఉన్న అల్వాల్‌లో. తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయన కెమెరాతోనే 12 ఏళ్ల వయసులో శ్యామ్ తొలి సినిమా తీశారు. కంటోన్మెంట్‌లోని గారిసన్ హాల్లో హాలీవుడ్ బొమ్మలు చూస్తూ ఎదిగిన ఈ కుర్రాడు, హాలీవుడ్ దర్శకుల్లో చాలామందికి దక్కని స్వేచ్ఛను సాధించుకున్నారు. అదెలాగో అంకెల్లోనే తెలుస్తుంది.

346–17

అప్పటి హాలీవుడ్‌ను ఏలినవి 5 కంపెనీలు: పారమౌంట్, ఎంజీఎం, వార్నర్, ఫాక్స్, ఆర్‌కేఓ. సినిమా తీసేదీ, పంచేదీ, ఆడించే హాళ్లూ వాళ్లవే. ఈ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తేల్చింది.

అంతకు ఏడాది ముందు, కమ్యూనిస్టులా కాదా చెప్పమని ప్రతినిధుల సభ కమిటీ సినిమావాళ్లను నిలదీసింది. 10 మంది జవాబివ్వలేదు. వారిలో రచయిత ఆల్బర్ట్ మాల్ట్జ్‌పై ధిక్కార తీర్మానం 346–17 ఓట్లతో నెగ్గింది. పదిమందీ జైలుకెళ్లారు. స్టూడియోలు వారికి తలుపులు మూసేశాయి.

ఆ పదిమందిలో ఒకరైన దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ బయటికొచ్చాక, గని కార్మికుల యూనియన్ అండతో 1954లో ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ తీశారు. న్యూమెక్సికో జింక్ గనుల సమ్మె ఆ కథ. నటుల్లో ఎక్కువమంది ఆ కార్మికులే. దేశం మొత్తమ్మీద పట్టుమని పదిహేను హాళ్లలో కూడా ఆ సినిమా పడలేదు. పెట్టుబడి పుట్టినా తెర దొరకలేదు.

900

బెనెగల్ 1959లో బొంబాయిలో ప్రకటనల రంగంలో చేరారు. ప్రకటన చిత్రాలు, డాక్యుమెంటరీలు కలిపి 900కు పైగా తీశారు. ‘అంకుర్’ కథ చేతిలో ఉన్నా నిర్మాత దొరకడానికి పన్నెండేళ్లకు పైనే పట్టింది. చివరికి ముందుకొచ్చింది బ్లేజ్. హాళ్లలో ప్రకటనలు వేయించే సంస్థ అది. పెట్టుబడి పెట్టేవారికే హాళ్లతో రోజూ పని ఉండటం ఇక్కడ కలిసొచ్చింది.

1974లో వచ్చిన ‘అంకుర్’ తెలంగాణ పల్లె కథ. భూస్వామి కొడుకు ఓ నిస్సహాయుణ్ని చితకబాదుతాడు. అంతా చూసిన ఒక చిన్నపిల్లాడు రాయి తీసి వాడి కిటికీ అద్దం పగలగొట్టి పరిగెడతాడు. తెరంతా ఎర్రబడుతుంది. తెలంగాణ దొరతనంపై హిందీ సినిమా అంత సూటిగా మాట్లాడటం మామూలు సంగతి కాదు.

2 రూపాయలు

1976లో బెనెగల్ తీసిన ‘మంథన్’కు గుజరాత్ పాల సహకార సంఘాల సభ్యులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. మొత్తం 10 లక్షలు. పాల సహకార ఉద్యమ సారథి వర్గీస్ కురియన్ సలహాతో పాల డబ్బులోంచే ఆ రెండేసి రూపాయలు పక్కన పెట్టారు. విడుదలయ్యాక పల్లెల నుంచి లారీలు ఎక్కి వచ్చి మరీ చూశారు. పెట్టుబడిదారులే ప్రేక్షకులయ్యారు. బైబర్‌మన్‌కు కరువైంది సరిగ్గా అదే.

సంఘం డబ్బుతో తీసిన సినిమా సంఘానికి భజన చేస్తుందేమోనన్న అనుమానం సహజం. ‘మంథన్’ ఆ పని చేయలేదు. పాల సంఘంలోకీ కులం ఎలా చొరబడుతుందో, సర్పంచి పెత్తనం ఎలా సాగుతుందో చూపించింది. 1987లో పోచంపల్లి నేతన్నలపై ‘సుస్మన్’ను కూడా బెనెగల్ చేనేత సహకార సంస్థల పెట్టుబడితోనే తీశారు.

లెక్క తేలేదేమిటి?

దర్శకుడి గుండె ధైర్యం ఒక్కటే చాలదు. డబ్బు ఎన్ని చేతుల నుంచి వచ్చింది, తెర ఎవరి చేతిలో ఉంది అన్న రెండు ప్రశ్నలే సినిమా ఏం మాట్లాడగలదో తేలుస్తాయి. ఐదుగురు యజమానులు ఒక్కటైతే ఒక మనిషి నోరు మూయించవచ్చు. ఐదు లక్షల మంది యజమానులను ఎవరూ బెదిరించలేరు.

బెనెగల్ 2024 డిసెంబరు 23న కన్నుమూశారు. అదే ఏడాది, పునరుద్ధరించిన ‘మంథన్’ కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఆయనకు అల్వాల్ ఇవ్వదగిన గౌరవం విగ్రహం కాదు. ఒక ఫిల్మ్ సొసైటీ, నెలనెలా చందా, ఆయన సినిమాలకు సొంత తెర. ప్రేక్షకులు ఇంతమాత్రం పూనుకుంటే, రేపటి దర్శకుడు పన్నెండేళ్లు ఎదురుచూడక్కర్లేదు.