ఇంటి వెండితెర

పెద్ద టెలివిజన్‌కు కంప్యూటర్‌ను, మంచి స్పీకర్లను జతచేస్తే ఇంటి గదే చిన్న చిత్రశాల అవుతుంది. ఇందుకు ఉపయోగించే కంప్యూటర్‌ను 'హోమ్ థియేటర్ కంప్యూటర్' అంటారు. అయితే ఖరీదైన పరికరాలు కొన్నంత మాత్రాన చిత్రం స్పష్టంగా కనిపించదు. చెరువు నిండుగా ఉన్నా, తూము ఎంత వెడల్పో పొలానికి పారే నీరు అంతే. దృశ్యసమాచారం ఫైలు నుంచి తెరను చేరే దారిలో ఏ ఒక్క చోట ఇరుకైనా, ఆ లోపం తెరపై బయటపడుతుంది.

తెరపై కనిపించే బొమ్మ అసంఖ్యాకమైన బిందువుల కూర్పు. ఈ బిందువులే పిక్సెళ్లు. పాల్ పద్ధతిలో రూపొందిన డీవీడీ చిత్రంలో అడ్డంగా 720, నిలువుగా 576 చొప్పున మొత్తం 4,14,720 పిక్సెళ్లు ఉంటాయి. పూర్తి హై డెఫినిషన్ చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున 20,73,600 ఉంటాయి. అంటే సరిగ్గా అయిదు రెట్లు! డీవీడీ చిత్రాన్ని పెద్ద తెరకు తగినట్లు సాగదీయవచ్చు గాని, అందులో నమోదు కాని వివరాన్ని ఏ పరికరమూ యథాతథంగా తిరిగి తేలేదు.

ఈ సమృద్ధి వెంటనే ఒక సమస్య కూడా వచ్చింది. ఒక్కొక్క పిక్సెల్ రంగును తెలపడానికి మూడు బైట్లు అవసరమనుకుంటే, ఒక్క బొమ్మకే 62,20,800 బైట్లు కావాలి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. ఆ లెక్కన రెండు గంటల చిత్రం లక్ష కోట్ల బైట్లను మించుతుంది. 2006లో విపణిలోకి వచ్చిన బ్లూ-రే రెండు పొరల డిస్కులో సుమారు 5,000 కోట్ల బైట్లు మాత్రమే పడతాయి.

ఈ చిక్కును పరిష్కరించినది సంపీడన విధానం. గోదావరిపై పడవ సాగిపోయే దృశ్యాన్ని తీసుకుందాం. వెనుక ఉన్న కొండలు, ఆకాశం క్షణక్షణానికి మారవు. అందుచేత మొదటి బొమ్మను పూర్తిగా నమోదు చేసి, తరువాతి బొమ్మలలో మారిన అంశాలను మాత్రమే నమోదు చేస్తారు. 2003లో వెలువడిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 ఇటువంటి ప్రమాణాలే.

కుదించిన సమాచారాన్ని తిరిగి విప్పడం శ్రమతో కూడిన పని. ఈ భారమంతా ప్రధాన ప్రాసెసర్‌పైనే పడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఫ్యాను హోరు సంభాషణలను మింగివేస్తుంది. అందుకే గ్రాఫిక్స్ చిప్‌లో ఈ పనికి ప్రత్యేకమైన విభాగాన్ని అమర్చారు. అయితే అది అన్ని ప్రమాణాలనూ విప్పలేదు. హెచ్.264ను సులువుగా విప్పే పాత చిప్ హెచ్.265 ముందు చేతులెత్తేయవచ్చు. 1996లో ఫ్రాన్సులో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన వీఎల్‌సీ వంటి ప్లేయర్లలో 'హార్డ్‌వేర్ డీకోడింగ్' అనే అమరిక ఉంటుంది. చిత్రం నడుస్తుండగా ప్రాసెసర్ వినియోగం బాగా పెరిగితే, ఈ అమరిక పనిచేస్తున్నదో లేదో పరిశీలించాలి.

చివరి మజిలీ తెర. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మను, ధ్వనిని కలిపి చేరవేస్తుంది. కంప్యూటర్ పంపే పిక్సెళ్ల సంఖ్య టెలివిజన్ పిక్సెళ్ల సంఖ్యతో సరిపోవాలి. మరొక సూక్ష్మం కూడా ఉంది. తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మార్చేదైతే, 24 బొమ్మలను దానిలో సమంగా పంచడం సాధ్యం కాదు. ఒక బొమ్మ రెండు సార్లు, తరువాతిది మూడు సార్లు కనిపిస్తుంది. కెమెరా మెల్లగా పక్కకు జరిగే దృశ్యాలలో కనిపించే కుదుపునకు కారణం ఇదే. టెలివిజన్ అంగీకరిస్తే 24 హెర్ట్జ్‌ను ఎంచుకోవడం దీనికి విరుగుడు.

బొమ్మ తడబడినంత మాత్రాన కంప్యూటర్ పనికిరానిదని నిర్ణయించడం తొందరపాటు. ఫైలు, చిప్, ప్లేయర్, తీగ, తెర అనే వరుసలో ఒక్కొక్కదానినీ పరీక్షించాలి. తరచుగా లోపం ఒక చిన్న అమరికలోనే దొరుకుతుంది. కారణం తెలుసుకున్న కుటుంబానికి అనవసరమైన ఖర్చు తప్పుతుంది. ఉన్న పరికరమే ఇంకొన్నేళ్లు వెండితెర వెలుగులు పంచుతుంది.