కీక్రి శాస్త్రీయం కాదా?

సంగీతంలో ‘శాస్త్రీయం’ అన్న మాట ఒక గుణాన్ని మాత్రమే సూచించదు. ఒక హోదాను, ఆ హోదాకు అర్హులెవరో ముందే తేల్చిన సామాజిక అంతస్తును కూడా సూచిస్తుంది. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల వాద్యకారుల స్థితిని గమనిస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

పోలిక కోసం ముందుగా ఒక దూరదేశపు ఉదాహరణ. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ‘చాంబర్ మ్యూజిక్’ అనే ప్రక్రియ ఉంది. పెద్ద సభల కోసం కాక, ఒక ఇంటి గదిలో కొద్దిమంది శ్రోతల కోసం నలుగురైదుగురు వాయించే సంగీతం అది. అందులో ప్రధానమైన నాలుగు తంత్రీవాద్యాల కచేరీకి స్థిరమైన రూపమిచ్చినవాడు జోసెఫ్ హైడన్. 1732లో ఆస్ట్రియాలోని ఒక పల్లెలో, బండిచక్రాలు చేసే వడ్రంగి ఇంట పుట్టాడు. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరినప్పుడు రాసుకున్న ఒప్పందం ప్రకారం ఆయన కొలువు దుస్తులు ధరించాలి. ప్రతిరోజూ ముందుగదిలో వేచి ఉండి కచేరీకి ఆజ్ఞ ఉందేమో కనుక్కోవాలి. స్వరపరచినవన్నీ ప్రభువు సొత్తు. వాయించడం, బృందాన్ని నడిపించడం కొలువుకాడి విధులే. అయితే 1790లో ప్రభువు మరణించి వాద్యబృందం రద్దయినప్పుడు ఆయనకు పింఛను దక్కింది. మరుసటి ఏడాదే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కొలువుకాడి సంగీతం విశ్వవిద్యాలయం గడప దాటింది.

ఇక మన ఆదిలాబాద్. రాజ్‌గోండుల వంశచరిత్రలను తరతరాలుగా గానం చేస్తున్నవారు పర్ధానులు, తోటీలు. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి గోండు ఇళ్లతో వారసత్వంగా వచ్చిన అనుబంధం ఉంటుంది. పెర్సాపెన్ పూజల్లో, శుభాశుభ కార్యాల్లో ఆ ఇళ్ల ముంగిట పాడటం వారి హక్కు, వారి బాధ్యత కూడా. నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల శాఖలకు వేర్వేరు గాథలున్నాయి. ప్రధాన గాయకుడు కీక్రి తంతుల మీద కమాను నడుపుతూ కథ ఎత్తుకుంటాడు. పక్కవారు వంత అందుకుంటారు. సందర్భాన్ని బట్టి పెప్రె, కాలికోం, డోలు వచ్చి చేరతాయి. 1940లలో మార్లవాయిలో ఉండి అధ్యయనం చేసిన హైమెండార్ఫ్, 1948లో వెలువడిన ‘ది రాజ్‌గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథంలో ఈ గాయకుల స్థానాన్ని వివరంగా నమోదు చేశాడు.

చిన్న బృందం, పోషకుడి ఇల్లు, ఏళ్ల తరబడి సాగే శిక్షణ, తప్పరాని పాఠం. హైడన్ సంగీతానికి వర్తించే లక్షణాలన్నీ ఇక్కడా ఉన్నాయి. అయినా అది శాస్త్రీయం, ఇది ‘గిరిజన కళారూపం’. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారాల్లో కూడా జానపద, గిరిజన కళలకు విడి అర ఉంది.

లిఖిత శాస్త్రం లేదన్నది సాధారణంగా వినిపించే అభ్యంతరం. ముత్తుస్వామి దీక్షితర్ 1835లో మరణించారు. ఆయన కృతులకు విస్తారమైన స్వరలిపినిచ్చిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయింది 1904లో. మధ్యనున్న దాదాపు డెబ్బై ఏళ్లూ ఆ కృతులను నిలిపింది ప్రధానంగా శిష్యుల కంఠాలే. ఒకరి జ్ఞాపకశక్తి సంప్రదాయం, మరొకరి జ్ఞాపకశక్తి నిరక్షరాస్యత ఎలా అవుతాయి?

కరీంనగర్ వైపు చూసినా ఇదే తీరు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట జ్ఞానపీఠ కవి సి. నారాయణరెడ్డికీ, ఒగ్గుకథకుడు మిద్దె రాములుకూ సొంతూరు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడే గాయకుడు, నటుడు, డోళ్లనూ తాళాలనూ నడిపించే నిర్దేశకుడు. గొల్ల, కురుమల కులపురాణంగా పెరిగిన ఆ విద్యను మన సంగీత పాఠ్యపుస్తకం ఏ అధ్యాయంలో చేర్చింది?

ఒక పాఠ్యప్రణాళిక సమావేశంలో కీక్రిని తంత్రీవాద్యాల పాఠంలో చేర్చాలని నేను ప్రతిపాదించాను. ‘అది జానపదం వాళ్లు చూసుకుంటారు కదా’ అన్న ఒక్క మాటతో చర్చ ముగిసింది. ఎవరూ దూషించలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. కులం విద్యాసంస్థల్లో పనిచేసే పద్ధతి ఇదే.

ఈ అంతరం బయటివారు సృష్టించింది మాత్రమే కాదు. గోండులు పర్ధానుల పాటను పవిత్రంగా భావిస్తూనే, వారిని తమకంటే తక్కువ అంతస్తువారిగా చూసి సహపంక్తికి దూరం పెట్టారని హైమెండార్ఫే గమనించాడు. పాట కావాలి, పాడేవాడు పక్కన కూర్చోకూడదు. ఈ నీతి కొండల్లోనూ మైదానాల్లోనూ ఒకటే. పైగా గోండుల భూములు చేజారేకొద్దీ పర్ధానుల జీవనాధారమూ సన్నగిల్లింది. ఇక్కడ కొలువు పోయిన కళాకారుడికి హైడన్‌కు దక్కిన పింఛను లేదు.

కీక్రికి ‘శాస్త్రీయం’ అన్న ముద్ర వేయమని నేను కోరడం లేదు. ఆ ముద్ర వేసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో వీణ, వయొలిన్‌లతో సమానంగా కీక్రి, ఒగ్గు, డోలు శాఖలుండాలి. డిగ్రీ లేదన్న సాకుతో తోసిపుచ్చకుండా పర్ధాన్, తోటి, ఒగ్గు కళాకారులనే పూర్తి జీతంతో అధ్యాపకులుగా నియమించాలి. ఉత్సవాల ఊరేగింపులో ముందు నడిపించి, నియామకాల జాబితాలో మరిచిపోవడం గౌరవం అనిపించుకోదు. చక్రాలు చేసేవాడి కొడుకు ఆక్స్‌ఫర్డ్ పట్టా అందుకుని రెండు శతాబ్దాలు దాటింది. పర్ధాన్ బిడ్డ మన కళాశాలలో గురువుగా కూర్చోవడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో మన విశ్వవిద్యాలయాలు చెప్పాలి.